డబ్బు సర్కారుది, మంచం ప్రైవేటుది: ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ లోపల ఏం జరుగుతుంది

ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్. మన రెండు రాష్ట్రాల్లో ఈ రెండు మాటలూ తెలియని ఇల్లు ఉండదు. ఒకటి వైద్యానికి, ఇంకొకటి చదువుకు. లోపలి అమరిక మాత్రం రెండింటిదీ ఒకటే. పని చేసేది ఎక్కువగా ప్రైవేటు సంస్థ, బిల్లు కట్టేది ప్రభుత్వం, మధ్యలో నిలబడేది రోగి లేదా విద్యార్థి. ప్రభుత్వం సకాలంలో కడితే ఆ మధ్యలో ఉన్న మనిషికి ఏ ఇబ్బందీ తెలియదు. కట్టడం ఆలస్యమైతే మొదటి దెబ్బ తగిలేది అతనికే.

ప్రజల డబ్బు సొంత ఆసుపత్రులకు, కాలేజీలకు పెట్టాలా, ప్రైవేటువాళ్ల బిల్లులకు పెట్టాలా అనే వాదన మన దగ్గర ఎప్పుడూ పార్టీల దగ్గరకో సిద్ధాంతాల దగ్గరకో వెళ్లి ఆగిపోతుంది. కాగితం ఏ బల్ల మీద నుంచి ఏ బల్ల మీదకు వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేయాలి అన్నది చెప్పేవాళ్లు తక్కువ. ఇక్కడ రాస్తున్నది అదే.

ముందు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మొదట్లో ప్రభుత్వం ప్రీమియం కట్టి బీమా కంపెనీ ద్వారా నడిపింది. 2008 జులైలో ఆరోగ్యశ్రీ-2 పేరుతో మరిన్ని చికిత్సలు చేర్చినప్పుడు వాటి డబ్బు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు కట్టడం మొదలుపెట్టింది. అప్పట్లో ఒక కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరం పడితే ఇంకో 50 వేలు. 2023 డిసెంబరులో తెలంగాణ ఈ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. చికిత్సల జాబితా తెలంగాణలో 1,835, ఆంధ్రలో 3,257. ఆంధ్రలో ఈ పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే.

పరిమితి అంకె పెద్దదైతే రోగికి ధైర్యం వస్తుంది, నిజమే. కానీ అంత పెద్ద బిల్లు వచ్చే కేసులు కొద్ది. మిగతా కేసుల్లో ఆసుపత్రి చూసుకునేది రెండే: ఆ చికిత్స మొత్తానికి ప్రభుత్వం కట్టిన ప్యాకేజీ రేటు ఎంత, ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది. తెలంగాణలో ప్యాకేజీ రేట్లు 2024లో సవరించేవరకు పదేళ్లకు పైగా దాదాపు అలాగే ఉండిపోయాయి. ఆ పదేళ్లలో నర్సు జీతం, కరెంటు బిల్లు, మందుల ధర ఏవీ ఆగలేదు. ఏ ఆపరేషను గిట్టుబాటు, ఏది కాదు అన్న లెక్క ఆసుపత్రులు నేర్చుకున్నది ఇలాంటి ఏళ్లలోనే.

కాగితం నడక ఇలా ఉంటుంది. పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది, ఆంధ్రలో వైద్యమిత్ర అంటున్నారు. అక్కడ బియ్యం కార్డు లేదా ఆహార భద్రతా కార్డు, ఆధార్ చూపించి పేరు నమోదు చేయించాలి. ముందు ఓపీ కింద చూస్తారు. జాబితాలో ఉన్న జబ్బు అనిపిస్తే పరీక్షలు చేసి, చేర్చుకుని, రిపోర్టులు, ఫోటోలు, డాక్టరు రాసిన చికిత్స వివరాలు ఆన్‌లైన్‌లో ట్రస్టుకు పంపిస్తారు. దీన్నే ప్రీ-ఆథరైజేషన్ అంటారు, వాడుకలో ప్రీ-ఆథ్. ట్రస్టు డాక్టర్ల ప్యానెల్ చూసి ఒప్పుకుంటే ఆపరేషను. ప్రాణం మీదకు వచ్చిన కేసైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకుని మొదలుపెట్టి, కాగితాలు తర్వాత పంపే వీలుంది. అందుకే అర్ధరాత్రి గుండెపోటుతో వెళ్లినవాళ్లను "అప్రూవల్ వచ్చేదాకా ఆగండి" అంటే ఒప్పుకోవద్దు. ఫోన్ అనుమతి అడగమని గట్టిగా చెప్పండి.

డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి క్లెయిము పెడుతుంది. దాన్ని మొదట క్లెయిమ్స్ సిబ్బంది, తర్వాత ప్యానెల్ డాక్టరు, ఆపైన అధికారి చూస్తారు. ఎక్కడ అనుమానం వచ్చినా క్వెరీ పడుతుంది. ఎక్స్‌రే ఫిల్ము స్పష్టంగా లేదనో, కుట్ల ఫోటో లేదనో వెనక్కి వస్తుంది. ఇది ఆసుపత్రికీ ట్రస్టుకూ మధ్య వ్యవహారం, రోగికి ఏ సంబంధమూ లేదు. "మీ క్లెయిము ఆగింది, మీరే కొంత కట్టాలి" అని ఇంటికి ఫోన్ వస్తే ఒక్క రూపాయి కూడా కట్టనక్కరలేదు.

చాలామందికి తెలియని ముక్క ఒకటుంది, దాని మీదే ఎక్కువ డబ్బు పోతుంది. ప్యాకేజీ అంటే ఆపరేషను చార్జీ ఒక్కటే కాదు. మంచం, డాక్టరు ఫీజు, థియేటరు, పరీక్షలు, మందులు, లోపల అమర్చే పరికరం, రోగికి భోజనం, ఇంటికి వెళ్లే చార్జీ, ఇంటికి వెళ్లాక 10 రోజుల మందులు, అన్నీ ఆ రేటులోనే కలిసి ఉంటాయి. డిశ్చార్జి అయిన 30 రోజుల లోపు ఆ చికిత్స వల్ల ఏదైనా తేడా చేస్తే, కుట్లు పగిలినా చీము పట్టినా, అదే ఆసుపత్రి ఉచితంగా చూడాలి. కొన్ని జబ్బులకు ఏడాదిపాటు ఫాలో-అప్ మందులకు వేరే ప్యాకేజీ ఉంది. ముందు నుంచే ఉన్న జబ్బు అన్న సాకు ఇక్కడ చెల్లదు. ఇన్ని హక్కులు ఉన్నా, డిశ్చార్జి రోజు మందుల చీటీ చేతిలో పెట్టి "బయట కొనుక్కోండి" అంటే కొనుక్కునేవాళ్లే ఎక్కువ. ఆ 10 రోజుల మందులు లెక్కపెట్టి తీసుకున్నాకే సంతకం పెట్టాలి.

ఇంకో చోట జేబుకు చిల్లు పడేది పరికరాల దగ్గర. "స్కీములో వచ్చే స్టెంటు మామూలుది, మంచిది వేయాలంటే పైన కట్టండి" అనే మాట వినిపిస్తుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందుపూత స్టెంటుకు 29,600. తర్వాత ఏటా కొంత కొంత పెరిగినా, అంతకుముందు లక్ష దాటి అమ్మిన రోజులు పోయాయి. కాబట్టి పైన అడిగే మొత్తం ఆ స్టెంటు అసలు ధరకే పొంతన లేనంత ఉంటే, అడుగుతున్నది స్టెంటు కోసం కాదన్నమాట. డబ్బు ఇవ్వక తప్పని పరిస్థితే వస్తే రసీదు లేకుండా ఇవ్వొద్దు. రసీదు ఇవ్వనంటే ఆరోగ్యమిత్ర ముందే అడగండి, 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. వసూలు చేసినట్టు తేలితే ఆసుపత్రి తిరిగి ఇవ్వాలి, జరిమానా పడుతుంది, జాబితా నుంచి తీసేయవచ్చు కూడా. రుజువు లేకపోతే ఇవేవీ జరగవు.

ఆసుపత్రికి వెళ్లకముందే సరిచూసుకోవాల్సింది కార్డు. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, రేషన్ కార్డులో ఇంకొకటి ఉంటే, కొత్తగా వచ్చిన కోడలి పేరు ఇంకా ఎక్కకపోతే, కౌంటరు దగ్గరే బండి ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మీసేవకో సచివాలయానికో వెళ్లి ఈ పని చేయించుకుంటే ఐసీయూ ముందు కూర్చుని తిరగాల్సిన పని తప్పుతుంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా కేంద్రం 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. 5 లక్షల వరకు ఉంటుంది, ఆధార్ ఒక్కటి చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే అది కూడా తీసి పెట్టండి.

జాబితాలో లేని చికిత్స అయితే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఇందులో రెండు దారులు. చికిత్సకు ముందే ఆసుపత్రి ఇచ్చిన అంచనా కాగితం మీద ప్రభుత్వం నుంచి హామీ పత్రంగా తీసుకునేది ఎల్‌వోసీ, దీన్ని నిమ్స్ లాంటి చోట్ల ఎక్కువగా వాడతారు. రెండోది, డబ్బు కట్టేశాక అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకలుతో ఎమ్మెల్యే లేదా ఎంపీ ద్వారా దరఖాస్తు పెట్టుకోవడం. బిల్లు మొత్తం రాదు, అందులో కొంత వస్తుంది. అసలు బిల్లులు ఒక్కసారే ఇస్తారు కాబట్టి, పెట్టేముందు ప్రతి కాగితానికీ రెండు జిరాక్సులు తీసి పెట్టుకోవాలి.

బకాయి ఎందుకు పుడుతుంది

ఇప్పుడు అసలు రోగం దగ్గరకు వద్దాం. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రాలేదని సేవలు ఆపిన సందర్భాలు వచ్చాయి. అదే ఏడాది తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం బంద్ చేశాయి. ప్రతిసారీ ప్రభుత్వం కొంత విడుదల చేయడం, తలుపులు తెరుచుకోవడం, కొన్ని నెలలకు మళ్లీ అదే కథ.

ఇది ఒక పార్టీ తప్పు అని చెప్పి వదిలేయలేం, ఎందుకంటే ప్రభుత్వాలు మారినా ఇది మారలేదు. కారణం ఖజానా పనిచేసే తీరులో ఉంది. బడ్జెట్‌లో పెట్టిన అంకె కేటాయింపు మాత్రమే. ఆ తర్వాత విడుదల ఉత్తర్వు రావాలి, శాఖ బిల్లు చేసి ట్రెజరీకి పంపాలి, ట్రెజరీ దాన్ని పాస్ చేసి టోకెన్ నంబరు ఇవ్వాలి, ఆ టోకెన్‌కు ఆర్థిక శాఖ డబ్బు వదలాలి. "టోకెన్లు ఇచ్చాం" అని మంత్రి అంటే డబ్బు పడిందని కాదు, వరుసలో నిలబెట్టారని అర్థం. చేతిలో నగదు తక్కువున్న నెలలో ఆర్థిక శాఖ ముందు జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీ కడుతుంది. అవి ఆగితే అదే వారం గొడవ అవుతుంది. రీయింబర్స్‌మెంట్ బిల్లు ఆగితే గొడవ బయటికి రావడానికి ఆర్నెల్లు పడుతుంది. ఆగగలిగినదాన్నే ఆపుతారు. అందుకే ఈ పథకాలకు బకాయి పుట్టుకతోనే వచ్చినట్టు ఉంటుంది.

అవతల ఆసుపత్రి వైపు చూడండి. జీతాలు నెలనెలా ఇవ్వాలి, మందుల డీలరు అరువు కొద్ది నెలలే ఆపుతాడు. హైదరాబాదులో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రికి నగదు రోగులు, బీమా రోగులు ఉంటారు. అది ఆరోగ్యశ్రీ మంచాలు తగ్గించుకుని తట్టుకుంటుంది. జిల్లా కేంద్రంలో నెట్‌వర్క్‌లో చేరడానికి సరిపడా 50 మంచాలతో నడిచే ఆసుపత్రికి వచ్చేవాళ్లలో సగానికి సగం కార్డువాళ్లే అయితే, దానికి ఆ దారి లేదు. అప్పు చేస్తుంది. తర్వాత రోగి దగ్గర "అడ్వాన్సు" అడుగుతుంది. ఆ తర్వాత "మా దగ్గర మంచాలు ఖాళీ లేవు" అంటుంది. చివరి మాట అబద్ధమా నిజమా తేల్చుకునే శక్తి పేషెంటు మనుషులకు ఉండదు.

బీమా కంపెనీకి ప్రీమియం ముందే కట్టేస్తే ఆలస్యం తగ్గుతుందన్న ఆలోచన ఉంది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకున్న విధానం అదే: 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు. ఇందులో ఒక లాభం, ఒక నష్టం కలిసే ఉన్నాయి. ట్రస్టుకు క్లెయిము కొట్టేస్తే మిగిలేది ఏమీ లేదు, కానీ ఆలస్యంగా కడుతుంది. కంపెనీ త్వరగా కడుతుంది, కానీ కొట్టేసిన ప్రతి క్లెయిమూ దానికి మిగులే. అలాంటి ఏర్పాటులో ఒప్పందంలో చూడాల్సింది ప్రీమియం ఎంత అన్నది కాదు. క్లెయిమును ఎన్ని రోజుల్లో తేల్చాలి, తిరస్కరిస్తే ఎవరు తిరిగి చూస్తారు, క్లెయిములు తక్కువ వస్తే మిగిలిన ప్రీమియంలో ఎంత ప్రభుత్వానికి తిరిగి వస్తుంది. ఈ మూడే.

ప్యాకేజీల వల్ల ఇంకో నష్టం ఉంది, అది లెక్కల్లో కనబడదు. కోసి కుట్టే పనికి రేటు కట్టడం తేలిక. పది రోజులు జ్వరంతో పడుకున్న మనిషికి, మందులతో నెమ్మదిగా తగ్గే జబ్బుకు రేటు కట్టడం కష్టం. అందువల్ల డబ్బు ఆపరేషన్ల వైపు పారుతుంది. గర్భసంచి తీసివేతల విషయంలో ఉమ్మడి రాష్ట్రం ఇది కళ్లారా చూసింది. అవసరం లేని ఆపరేషన్లు పెరిగాయన్న ఆరోపణలు వచ్చాక ఆ చికిత్సనూ, మరికొన్నిటినీ ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. మీకు ఎవరైనా తొందరపెట్టి ఆపరేషను అంటే, ప్రాణాపాయం లేని కేసైతే, రిపోర్టులు తీసుకుని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో రెండో అభిప్రాయం అడగండి. ఓపీ చీటీకి అయ్యే సమయం తప్ప ఖర్చేమీ ఉండదు.

కాలేజీ కౌంటరు దగ్గర

చదువు వైపు ఇదే బొమ్మ, పేర్లు వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో రెండు భాగాలు: కాలేజీకి వెళ్లే ట్యూషన్ ఫీజు ఆర్టీఎఫ్, విద్యార్థి తిండికి, బసకు ఇచ్చే ఎంటీఎఫ్. తెలంగాణలో ఈపాస్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పదో తరగతి మెమో, ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా ఉండాలి. ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు, బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. హాజరు 75 శాతం తప్పనిసరి. ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే వర్తిస్తుంది, మేనేజ్‌మెంట్ కోటాకు రాదు, స్పాట్ అడ్మిషనుకూ రాదు. మిగిలిపోయిన సీటు దొరికిందన్న సంతోషంలో స్పాట్‌లో చేరి, తర్వాత ఫీజు మొత్తం నెత్తిన పడ్డవాళ్లు ఏటా కనబడతారు. సంతకం పెట్టేముందే అడగాల్సిన ప్రశ్న అది.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది మూడు చోట్ల. కాలేజీ తన లాగిన్‌లో ధ్రువీకరించి వేలిముద్ర తీసుకోకపోవడం ఒకటి. ఖాతా ఆధార్‌కు లింకు అయినా ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పంపాలో చూపే ఎన్‌పీసీఐ మ్యాపింగులో వేరేది ఉండటం ఇంకొకటి. ఇది బ్యాంకుకు వెళ్లి సరిచేయించుకోవాలి, పోర్టల్‌లో కుదరదు. మూడోది, రెండో ఏడాది రెన్యువల్ మరిచిపోవడం. దరఖాస్తు నంబరు, కాలేజీ ధ్రువీకరించిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. నాలుగేళ్లు అయ్యాక అదే మీ సాక్ష్యం.

"ఫుల్ రీయింబర్స్‌మెంట్" అన్న మాట కూడా అందరికీ ఒకేలా వర్తించదు. తెలంగాణ ఇంజనీరింగులో 10 వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు వస్తుంది. ఆ పైన ర్యాంకు అయితే ఎన్నో ఏళ్లుగా 35 వేలు మాత్రమే ఇస్తూ వచ్చారు. కాలేజీ ఫీజు లక్ష రూపాయలు, ర్యాంకు 18 వేలు అనుకోండి. ఏడాదికి 65 వేలు ఇంటి నుంచి కట్టాలి, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టే రోజు ఈ గుణకారం వేసుకోవాలి. ఆదాయ పరిమితికి కొద్దిగా లోపల ఉన్న ఇంటికి అది ఏడాది సంపాదన కంటే ఎక్కువ.

ఆ ఫీజును ఎవరు నిర్ణయిస్తారు? 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ తీర్పు, అదీ ఆంధ్రప్రదేశ్ మీద నడిచిన కేసే, ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్ అని విడగొట్టింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు దాన్ని కొట్టేసింది. 2003 తీర్పుతో రిటైర్డ్ హైకోర్టు జడ్జి నేతృత్వంలో ఫీజుల కమిటీలు వచ్చాయి. కాలేజీ తన ఆడిట్ లెక్కలు ఇస్తుంది, జీతాలు, నిర్వహణ ఖర్చు చూసి మూడేళ్ల బ్లాకుకు ఫీజు ఖరారు చేస్తారు. బలహీనత ఎక్కడంటే, ఖర్చు ఎంత ఎక్కువ చూపిస్తే ఫీజు అంత పెరుగుతుంది. జీతం కాగితం మీద ఒకటి, లెక్చరర్ ఖాతాలో మిగిలేది ఒకటి అయినప్పుడు కమిటీకి పట్టుకునే సాధనం తక్కువ. ఆ ఫీజులో పెద్ద వాటా ప్రభుత్వమే కడుతోంది కాబట్టి, లెక్చరర్ల జీతాలు బ్యాంకు స్టేట్‌మెంట్ల ద్వారా సరిచూడటం ప్రభుత్వం తన సొంత డబ్బు కోసమైనా చేయాల్సిన పని.

డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్న దాని మీద ఆంధ్రప్రదేశ్ రెండు దారులూ చూసింది. ఈ పథకానికి విద్యా దీవెన అని పేరున్న రోజుల్లో తల్లి ఖాతాలో వేశారు, తల్లి వెళ్లి కాలేజీలో కట్టాలి. తల్లికి అడిగే హక్కు వచ్చింది, మంచిదే. కానీ ఇంట్లో అప్పు, ఆసుపత్రి, విత్తనాల ఖర్చు ఉన్న నెలలో ఆ డబ్బు అటు జరిగిపోయేది, కాలేజీ పిల్లను పరీక్షకు ఆపేది. తర్వాత తల్లీ బిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం, రాష్ట్రం 60:40 వాటాలు పెట్టుకున్నాక, రాష్ట్రం తన 40 వేశాకే కేంద్రం 60 నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండు వాటాలూ ఆగుతాయి. ఏ ఖాతా అన్నది రెండో ప్రశ్న. ఏ తేదీన అన్నదే మొదటిది.

తేదీ తప్పినప్పుడు కాలేజీ చేతిలో ఉన్న ఆయుధం సర్టిఫికెట్లు. కోర్సు అయిపోయి ఉద్యోగం వచ్చిన పిల్లవాడికి టీసీ, ఒరిజినల్ మెమోలు ఇవ్వకుండా "స్కాలర్‌షిప్ రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ స్పష్టంగా చెప్పింది, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధన కూడా అదే. వెళ్లినప్పుడు నోటిమాటగా అడగకండి. దరఖాస్తు రాసి, ఇంకో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ కాపీతో యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు, ఏఐసీటీఈ లేదా యూజీసీ ఫిర్యాదుల పోర్టల్‌కు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి, ఆంధ్రలో అయితే ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌కు వెళ్లండి. డబ్బు కట్టాల్సి వస్తే "ప్రభుత్వం నుంచి రాగానే తిరిగి చెల్లిస్తాం" అన్న వాక్యం రసీదు మీదే రాయించుకోండి. ఆ వాక్యం లేని రసీదుతో తర్వాత కాళ్లరిగేలా తిరిగినా పని కాదు.

మిగిలేది ఏది

బడ్జెట్ పుస్తకంలో ఒకే పథకానికి వేర్వేరు ఏళ్లలో మూడు అంకెలుంటాయి: అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ ఖర్చు. టీవీలో వినిపించేది మొదటిదే. రెండేళ్ల కిందటి బడ్జెట్ తీసి అందులోని అంచనాను, ఈ ఏడాది పుస్తకంలోని వాస్తవ ఖర్చు పక్కన పెట్టి చూడండి. ఆసుపత్రి సిబ్బంది జీతాల పద్దులో తేడా చిన్నది. రీయింబర్స్‌మెంట్ పద్దులో ఆ ఖాళీ ఎంత ఉందో, బకాయి అక్కడే పుట్టింది. ఒక పథకం ఎంత నిజమో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు, దీనికి ఆర్థికశాస్త్రం చదవక్కరలేదు.

నా వాదన ఈ తేడా మీదే నిలబడుతుంది. ప్రభుత్వ డాక్టరు జీతం బకాయిగా ఏడాదిపాటు పేరుకుపోదు. నెట్‌వర్క్ ఆసుపత్రులు తలుపులు మూసిన రోజున కార్డు పట్టుకుని వెళ్లడానికి మిగిలేవి గాంధీ, ఉస్మానియా, నిమ్స్, వరంగల్ ఎంజీఎం, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్. ఆరోగ్యశ్రీని ఎత్తేయమని నేను అనను. అది లేకపోతే పొలం అమ్ముకునేవాళ్లు లక్షల్లో ఉంటారు. కానీ ఆరోగ్యశ్రీ డబ్బులో పెరిగే ప్రతి రూపాయికీ పక్కన సొంత మంచం మీద పెట్టే రూపాయి కూడా పెరగాలి. లేకపోతే బేరం ఆడే శక్తి ప్రభుత్వానికి ఉండదు.

ప్రభుత్వ మెడికల్ కాలేజీలను ప్రైవేటుకు ఇవ్వాలా అన్న గొడవను ఈ కోణంలోంచే చూడాలి, చదువూ వైద్యమూ కలిసేది అక్కడే. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 150 ఎంబీబీఎస్ సీట్లున్న కాలేజీకి 605 మంచాల బోధనాసుపత్రి ఉండాలి. అంటే ఒక కాలేజీ వస్తే ఆ ఊరికి డాక్టర్లతో సహా ఒక పెద్దాసుపత్రి వచ్చినట్టు. 2023 సెప్టెంబరులో ఆంధ్రలో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ప్రభుత్వ కాలేజీలు తెరిచారు. వాటిలో రాష్ట్ర కోటా సీట్లను మూడుగా చీల్చారు: సగం ఏడాదికి 15 వేలకు, 35 శాతం 12 లక్షలకు, 15 శాతం ఎన్‌ఆర్‌ఐలకు 20 లక్షలకు. ప్రభుత్వ భవనంలో సగం సీట్లకు ప్రైవేటు ధర పెట్టారు. 2025లో తర్వాతి ప్రభుత్వం మరో 10 కాలేజీలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) పద్ధతిలో ఇవ్వాలని నిర్ణయించింది. రెండు నిర్ణయాల వెనుకా ఒకే మాట ఉంది, నిర్మాణానికీ నడపడానికీ డబ్బు లేదన్నది. ఒప్పందం ఏదైనా తేల్చుకోవాల్సినవి మంచాల గురించే: ఎన్ని మంచాలు ఉచితం, ఓపీ చీటీకి ఎంత, సిబ్బందిని ఎవరు నియమిస్తారు, లీజు ముగిశాక పరికరాలు ఎవరివి. సీట్ల గురించి జరిగిన చర్చలో నాలుగో వంతు కూడా వీటి మీద జరగలేదు.

ఉద్దానం తీసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కిడ్నీ జబ్బు ఇక్కడ ఇంటింటి విషయం, కారణం ఇప్పటికీ తేల్చలేదు. కిడ్నీలు పూర్తిగా చెడినవాళ్లకు వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్ కావాలి. నెలకు 12 లేదా 13 సార్లు. కార్డు మీద డయాలసిస్ ఉచితమే. కానీ కవిటి నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాట. రాకపోకలు, తోడు వచ్చే మనిషి కూలి, ఆ రోజు తిండి, ఇవన్నీ నెలకు 13 సార్లు పడితే ఉచిత డయాలసిస్ కూడా కుటుంబాన్ని ముంచేస్తుంది. మధ్యలో ఒకటి మానేస్తారు. ఒంట్లో నీరు చేరి, పొటాషియం పెరిగి, ఒక రాత్రి ఊపిరి ఆడదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ కుర్చీ ఇంటికి దగ్గరగా రావడం ఏ ప్యాకేజీ రేటూ ఇవ్వలేని సౌకర్యం.

ఆసుపత్రి భవనం కట్టడంతో పని అయిపోదు. డయాలసిస్ మిషన్‌లో ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున పారుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు, ఒక్క రోగికి, ఒక్కసారికి. అది మామూలు నీరు కాదు, ఆర్వో ప్లాంటులో శుద్ధి చేసింది. అందులో క్లోరిన్ మిగిలితే రక్తకణాలు పగులుతాయి. ప్లాంటులో నీటిని వడపోసే పొర, మెంబ్రేన్, మార్చే డబ్బు ఒక నెల ఆగితే పది మిషన్లూ ఒకేసారి ఆగుతాయి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశాక అది పండడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అది వేసే సర్జను లేకపోతే రోగి మెడలో గొట్టంతో నెలలు గడుపుతాడు, దాని వెంట ఇన్ఫెక్షన్ వస్తుంది. రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ స్టాకు అయిపోతే బయట కొనాల్సింది రోగే. నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, పోస్టు కాగితం మీద ఉండి మనిషి లేకపోతే ఎవరికి ఎంత నీరు తీయాలో టెక్నీషియనే నిర్ణయిస్తాడు. పలాస ఆసుపత్రి గురించి సమాచార హక్కు కింద అడగాలనుకునేవాళ్లు ఈ నాలుగే అడగండి: ఈ నెల ఎంతమంది నెఫ్రాలజిస్టులు డ్యూటీలో ఉన్నారు, ఈ మూడు నెలల్లో ఎన్ని ఫిస్టులాలు వేశారు, ఆర్వో మెంబ్రేన్ ఆఖరిసారి ఏ తేదీన మార్చారు, ఎరిత్రోపోయెటిన్ స్టాకు రిజిస్టరులో సున్నా చూపించిన రోజులు ఎన్ని. ఫీజు 10 రూపాయలు, తెల్ల కార్డు ఉంటే అది కూడా లేదు. జవాబుకు 30 రోజుల గడువు.